దాలి పాలు

శామీర్‌పేట చెరువుకు దాపున ఉండిన మా పాత ఇంటి పెరట్లో ఒక దాలిగుంట ఉండేది. ఉదయాన పిడకలు రాజేసి పాలకుండ పెడితే, సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. మేడ్చల్‌లో మూడవ అంతస్తుకు మారిన తరువాత ఆ రుచి మా అమ్మకు జ్ఞాపకంగానే మిగిలింది. ఇది ఎరిగిన మా అమ్మాయి కిందటేడు అమెరికా నుంచి వస్తూ, నాయనమ్మ కోసం విద్యుత్తుతో నడిచే స్లో కుక్కరు తెచ్చింది.

లోహపు తొడుగు, అందులో పింగాణి పాత్ర, పైన గాజు మూత. తొడుగు గోడలలోని తీగ వేడెక్కితే, మందమైన పాత్ర ఆ వేడిని మెల్లమెల్లగా పాలకు అందిస్తుంది. దాలికి తోబుట్టువే! 1940లో ఇటువంటి పాత్రకు పేటెంటు పొందిన అమెరికన్ ఆవిష్కర్త ఇర్వింగ్ నాక్సన్ కూడా, లిథువేనియాలోని తన పూర్వికులు రొట్టెల బట్టీలో ఆరిపోతున్న వేడిపై రాత్రంతా వంట ఉడికించుకొన్న కథ విని దీనిని ఊహించాడట.

దాని పిన్నులు మన గోడకు సరిపడలేదు. ఒక అడాప్టరు కొని తగిలించి, పాలు పోసి, ‘లో’ మీట తిప్పి కళాశాలకు వెళ్లాను. గంటన్నర గడవకముందే పొరుగింటివారి ఫోను. ఇల్లంతా పొగ, మాడు వాసన. పాత్రను దించబోయిన అమ్మ వేళ్లు బొబ్బలెక్కాయి. ఆమెకు ఎనభై రెండేళ్లు. నన్ను చూసి, “నీ దాలికి తొందరెక్కువున్నది బిడ్డా” అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

థర్మోస్టాటు చెడిందని నేను తీర్పు చెప్పాను. మేడ్చల్ బజారులోని మెకానిక్ కుర్రవాడు కుక్కరును బోర్లించి, “అడుగున రాసింది చదివిండ్రా సార్?” అన్నాడు. 120 వోల్టులు, 250 వాట్లు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే కాని వోల్టేజీని మార్చదు. పైగా వోల్టేజీ రెట్టింపైతే వేడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. 250 వాట్ల పాత్ర 900 వాట్లకు మించి మండిందన్నమాట! తాళపత్రాలలోని లుప్తాక్షరాలను ఊహించి డాక్టరేటు పొందినవాడిని, స్పష్టంగా అచ్చువేసిన ఒక్క పంక్తి చదవలేదు.

ఆలస్యంగానైనా లోపలి థర్మల్ ఫ్యూజు తెగింది. కొందరు దానిని తీసివేసి తీగలు కలిపేస్తారట. అప్పుడు కుక్కరు పనిచేస్తుంది, కాని మరొకసారి వేడి మితిమీరితే ఆపే కాపలా ఉండదు. అతడు అదే కొలత ఫ్యూజు వేసి, 230ని 110 వోల్టులకు దించే 500 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చాడు. ముందుగా ఉత్త నీటితో పరీక్షించమన్నాడు.

ఆదివారం సగం పాత్రకు నీళ్లు పోసి, నేనూ ఇల్లు కదలక, ‘లో’ మీద ఎనిమిది గంటలు ఉంచాను. ఉష్ణమాపకం 90 డిగ్రీలు చూపింది. నీరు మరగలేదు. కట్టు కట్టిన వేళ్లను ఒడిలో పెట్టుకొని అమ్మ సాయంత్రందాకా దాని పక్కనే కూర్చున్నది.

“పాలెప్పుడు పోస్తవు?” అన్నది.