చెయ్యి వేసే ముందు

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో చంకకర్రలతో కూర్చున్న మనిషిని వదిలేసి, పక్కనున్నవాళ్లను అడుగుతాడు కండక్టరు: "మీవోడు ఏడ దిగుతడు?" దెబ్బతిన్నది కాలు, నోరు బాగానే ఉంది. "నన్నడుగన్నా, పాల్వంచ" అని ఆయనే కల్పించుకోవాలి. ఇందులో దుర్మార్గం లేదు. చిక్కంతా అక్కడే. దుర్మార్గమైతే తిరగబడొచ్చు, జాలి మీద ఎలా తిరగబడతాం?

రామయ్య దర్శనానికి చక్రాల కుర్చీలో వచ్చిన ఉద్యోగి ఒళ్లో ఎవరో రూపాయి బిళ్ల పెట్టేసి, దణ్ణం కూడా పెట్టి వెళ్లిపోతారు. ఆయన చెయ్యి చాపలేదు. తిరిగి ఇవ్వబోతే దాత నొచ్చుకుంటాడు. భక్తుడిగా వచ్చినవాడు ఇంకొకరి పుణ్యంలో పూజాసామగ్రి అయిపోయాడు!

సర్కారుది మరో దారి, దానికి లెక్క కావాలి. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం ఉందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. ఆ లెక్క ఆఫీసు దాటి, "నీదెంత పర్సెంట్?" అనే పలకరింపై వీధిన పడింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం వాటిని 21 చేసింది. పదిమందిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు అంటుంది అందులోని 92వ సెక్షన్. మంచిదే. ఒళ్లో బిళ్ల వేసినవాడు మాత్రం దానికి దొరకడు; దొరకాలని నేనూ కోరను.

దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు పల్లెల్లో చేత్తో తిప్పే మూడుచక్రాల బండి బురదలో దిగబడితే తొయ్యడానికి నలుగురు ఉరికొస్తారు. దిగబడకపోయినా తోస్తారు. ఎటు తిప్పాలో బండిలోని మనిషి తేల్చుకోకముందే వెనక నుంచి తోపు పడితే, బండి గుంతలోకి ఒరుగుతుంది. "పట్టాల్నా?" అని అడిగితే చాలు, ఎక్కడ పట్టాలో ఆయనే చెబుతాడు. చూపులేని మనిషిదీ ఇదే వరస. కర్ర ఉన్న చెయ్యి పట్టి లాగితే ఆయనకు దారే పోతుంది. మన మోచెయ్యి అందిస్తే, అర అడుగు వెనకగా నడుస్తూ మెట్టు ఎక్కడొచ్చిందో మన ఒంటి కదలికను బట్టి పోల్చుకుంటాడు. గోదావరి ఘాటు మెట్ల మీద ఈ తేడా ఇద్దరికీ తెలుస్తుంది.

ఆ పల్లెల్లోనే ఒకచోట, చింతచెట్టు కింద పేకాట నడుస్తోంది. ఆటగాళ్లలో ఒకాయన మూడుచక్రాల బండిలోనే ఉన్నాడు. "జోకరు సీటు కింద దాచినవ్, తియ్" అని ముగ్గురూ మీదపడ్డారు. ఆయన అంతకు రెట్టింపు తిట్టాడు. ముక్క సీటు కిందే దొరికింది. అందరికీ టీలు ఆయనతోనే పోయించారు.