పదిహేను కిలోలు

నాగపూరులోని ఆ ఇంట భోజనాల బల్లపై నాలుగు నెలలుగా తూర్పు ఆఫ్రికా పటం ఒకటి పరచి ఉన్నది. ఇంటి యజమాని బ్యాంకు అధికారి. వయస్సు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లుగా సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకొని తాడోబా, పెంచ్ అడవులకు ప్రయాణమయ్యేవారు. టాంజానియాలోని సెరెంగెటి చూడాలన్నది యౌవనం నాటి కోరిక. పిల్లల చదువులు, ఇంటి అప్పు, కుమార్తె వివాహం ఆ కోరికను ఏటికేడు వెనక్కి నెట్టాయి.

నిరుడు కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆయనకు గ్లకోమా ఉన్నదని వైద్యుడు చెప్పారు. మన పెద్దలు నీటికాసులు అన్న జబ్బు అది. నొప్పి తెలియనీయకుండా అంచుల నుంచి చూపును తినివేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందుతో మిగిలినదానిని కాపాడుకోవలసిందే. ఆయన ఎడమ కంటికి పక్కచూపు అప్పటికే కుంచించుకుపోయింది. ఆ రాత్రే పటం బల్లపైకి వచ్చింది.

ఇటువంటి యాత్రలో మొదట తేల్చుకోవలసినది ఎప్పుడు పోవాలన్న సంగతి. సెరెంగెటిలో సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్టు మృగాలు పచ్చికను వెదుకుతూ ఏడాది పొడవునా తిరుగుతూ ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణాన, మే, జూన్ నెలల్లో పశ్చిమాన, జూలై తరువాత ఉత్తరాన మారా నది వద్ద వాటి నివాసం. మొసళ్ల నడుమ ఆ నదిని దాటే దృశ్యానికే ప్రసిద్ధి ఎక్కువ. ఆయన మనస్సు కూడా మొదట దానిపైనే ఉన్నది. కాని మృగాలకు మన తేదీలతో పని లేదు. గంటల తరబడి గట్టున నిలిచి, దాటకుండానే వెనుదిరగవచ్చు. ఎనిమిది రోజుల యాత్రికుడు రిక్తహస్తాలతో తిరిగి రావలసిన ప్రమాదం ఉన్నది.

ఫిబ్రవరి అట్లా కాదు. దక్షిణ మైదానాలలో రెండు మూడు వారాల వ్యవధిలోనే దూడలలో అధికభాగం జన్మిస్తాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ లేచి తల్లి వెంట నడుస్తుంది. ప్రసవానికి అవి ఆ చోటునే ఎన్నుకోవడానికి కారణం మట్టిలో ఉన్నది. పూర్వం అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద వల్ల అక్కడి గడ్డిలో కాల్షియం, భాస్వరం సమృద్ధి. నేల అడుగున గట్టిపడిన పొర చెట్ల వేళ్లను దిగనీయదు. చెట్లు లేని బయలులో పొంచి ఉన్న సింహాన్ని తల్లి దూరం నుంచే కనిపెట్టగలదు. ఇదంతా చదివి ఆయన ఫిబ్రవరిని ఖాయం చేశారు.

మిగిలిన ఏర్పాట్లు ఆయన భార్య చేతిలోకి వెళ్లాయి. ఆమె బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయిని. పచ్చజ్వరం ముప్పు ఉన్న దేశాల నుంచి తిరిగివచ్చేవారికి టీకా పత్రం ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ తేదీని ఆమె క్యాలెండరులో గుర్తు పెట్టారు. కంటి చుక్కల సీసాలు రెండు చేతిసంచులలో వేరువేరుగా ఉండాలన్నారు. ఒక సంచి పోయినా మందు తప్పకూడదు.

చిక్కంతా బరువు దగ్గర వచ్చింది. అడవి నడుమ దిగే చిన్న విమానాలలో మనిషికి 15 కిలోలే అనుమతిస్తారు. కెమెరాలు కూడా అందులోనే లెక్క. ఆమె వాటా చలిదుస్తులతో, మందులతో నిండింది. ఎన్‌గొరొంగొరో శిఖరాంచు రెండు వేల మీటర్లకు పైన ఉన్నది, ఉదయపు చలి గట్టిది. ఆయన సంచిని కొక్కెం త్రాసుకు తగిలిస్తే 19 కిలోలు తూగింది. జీపులో నిలపడానికి చోటుండదు గనుక ముక్కాలిపీటను తీసివేశారు. దానికి బదులు ఆమె పాత పరదా గుడ్డతో ఖాళీ సంచి ఒకటి కుట్టి ఇచ్చారు. అక్కడ బియ్యం నింపి కిటికీపై పెడితే కెమెరా కదలదు. అయినా ఇంకా రెండు కిలోలు ఎక్కువే.

ఆమె సామాను జాబితా పైనుంచి కిందికి చదివారు.

"ఏమండీ, ఇందులో నేను చూడటానికి ఏమున్నది?"

ఆయన తడబడ్డారు. జాబితాలో బైనాక్యులర్సు లేవు.

"మూడు కిలోల ఆ పెద్ద లెన్సులో సింహం కన్ను పడుతుంది. మైదానం పడుతుందా? వైద్యుడు చెప్పింది పక్కచూపు తగ్గుతున్నదని కదా! పక్కలు కనిపిస్తుండగానే లోకాన్ని చూడాలని బయలుదేరి, పక్కలను కోసివేసే గొట్టాన్ని మోసుకుపోతారా?"

ఆయన ఆ రాత్రి మాట్లాడలేదు. ప్రాణప్రదమైన ఆ లెన్సును రెండేళ్ల బోనసు పెట్టి కొన్నారు. మరునాడు ఉదయం అది ఇనుప బీరువాలోకి చేరింది. చిన్న జూమ్ లెన్సు, విశాల దృశ్యాలకు పనికివచ్చే మరొకటి సంచిలో మిగిలాయి. వాటి పక్కన రెండు జతల బైనాక్యులర్సు. ముల్లు సరిగ్గా 15 దగ్గర ఆగింది.

యాత్రకు సిద్ధం కావడమంటే వస్తువులు కూడబెట్టడమేనని మనం అనుకుంటాము. ఏది విడిచిపెట్టగలమో తెలిసిననాడే ఎందుకు పోతున్నామో తెలుస్తుంది.

భూమధ్యరేఖకు సమీపం గనుక అక్కడ సంధ్యాకాలం స్వల్పం. ఫొటోకు పనికివచ్చే మెత్తని వెలుగు సూర్యోదయం తరువాత గంటకు మించదు. ఆ సంగతి తెలిసే ఆమె కార్యక్రమం కాగితంలో మూడవ రోజుకు ఎదురుగా ఇట్లా వ్రాశారు: "ఉదయం 6.30 నుంచి 7.30 వరకు కెమెరా సంచిలోనే." ఆయన కళ్లద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివారు. తరువాత బ్యాంకు చెక్కుపై చేసినంత శ్రద్ధగా దాని కింద సంతకం చేశారు.