తోక పట్టి లాగేవాళ్లు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, మన సంఘంలో పీజీ చదివే తమ్ముడొకడు మందిరం మెట్ల మీద కూర్చుని నాకొక బ్యాక్టీరియా సంగతి చెప్పాడు. పేరు రోడోబ్యాక్టర్ స్ఫేరాయిడిస్. నోరు తిరగడానికే నాకు రెండు నిమిషాలు పట్టింది. మన కంది ఆకు చేసే పనే ఇదీ చేయగలదట. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆహారంగా మార్చుకుంటుంది.

ఆ పని చేసే ఎంజైము రుబిస్కో. దానికి పని మొదలుకావాలంటే ముందు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, దాని వెంట మెగ్నీషియం వచ్చి లోపల కుదురుకోవాలి. అవి రాకముందే చక్కెర వచ్చి అతుక్కుంటే తలుపు మూసుకుపోతుంది. బయటి శత్రువు కాదు, రోజూ తాను పనిచేసే చక్కెరే! తనంతట తాను త్వరగా విడిపించుకోలేదు.

అప్పుడు సీబీబీఎక్స్ అనే ప్రోటీను వస్తుంది. ఆరు ముక్కలు కలిసి ఉంగరంలా ఉంటుంది. రుబిస్కో తోక కొసను తన రంధ్రంలోకి కాస్త లాగి వదులుతుంది. ఆ కుదుపుకు తలుపు తెరుచుకుని చక్కెర ఊడిపోతుంది. ఇందుకు ఏటీపీ అనే శక్తి ఖర్చవుతుంది. ఇంకో వింత, ఈ ప్రోటీనును పనికి లేపేది కూడా ఆ చక్కెరే. 2011లో నేచర్ పత్రికలో వచ్చిందట. మొక్కల్లో ఇలాంటి సహాయకుడు 1985లోనే దొరికాడు గానీ, ఎండ ముదిరితే వాడే ముందు డీలా పడతాడు. మన కొనకనమిట్ల మే నెల ఎండలకు పాపం వాణ్ణి ఏమనగలం!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన ఏడాది ఒక విశ్వాసి ఇంట్లో చావు జరిగితే, నేను వేరే ఊరి కూటాల్లో ఉండి మూడో రోజు వెళ్లాను. వాళ్లు మందిరానికి రావడం మానేశారు. తప్పు నాదే. వాక్యం చెప్పడం నా పని, ఆ పనిలోని తీపే నాకు అతుక్కుంది. శాలువాలు, పొగడ్తలు. ఎనిమిది నెలలు వాళ్ల వీధిలోకి పోలేదు. ప్రార్థనలో మాత్రం వాళ్ల పేరు రోజూ చెప్పేవాణ్ణి.

బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దూత తట్టి లేపాడు. నా దగ్గరికి వచ్చింది మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దమ్మ. "లెగండయ్యగారూ, పోదాం" అని నా కండువా కొస పట్టుకుని లాగింది.

ఆ ఇంటాయన మంచం వాల్చాడు. క్షమించమని అడిగాను. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని గడప మీదే కూర్చుండిపోయింది, తిరిగి నడిచే ఓపిక లేదు. ఆమెను బండి మీద ఇంటికి దింపింది ఆ ఇంటి అబ్బాయే.