రెండు గంటలకోసారి

"తల నా చేతిలో ఉంది. నేను మూడు అనేదాకా ఎవరూ కదలొద్దు" అంది హెడ్ సిస్టర్. ముగ్గురు మంచానికి ఒకే పక్కన నిలబడి భుజం, నడుము, తుంటి, మోకాళ్ల కింద చేతులు వేశారు. మూడు అనగానే మనిషి దుంగలా ఒక్క కట్టుగా పక్కకు ఒరిగాడు. ముక్కూ బొడ్డూ ఒకే గీతలో ఉన్నాయి. అంతలోనే ఇంకో సిస్టర్ టార్చి వేసి వీపు, పిరుదుల పై ఎముక, మడమలు చూసింది. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కింది. నొక్కితే ఎరుపు పోయి తెల్లబడితే పరవాలేదు. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే.

హైదరాబాదులోని ఓ పెద్దాసుపత్రిలో వెన్ను గాయాల వార్డు అది. మంచం మీదున్నది నల్లగొండ వైపు గీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడ్డాడు. మెడలో వెన్నుపాము దెబ్బతింది. మోచెయ్యి మడుస్తాడు, మణికట్టు ఎత్తుతాడు, వేళ్లు మాత్రం కదలవు. ఛాతీ కింద ఏం తాకినా తెలియదు. ఇలాంటి ప్రమాదాలు తప్పించాలనే తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇతనికి అది అందిందో లేదో అడగబుద్ధి కాలేదు.

మెడకు ప్లేటు బిగించే ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోయింది. ఇక అతను బతకడం ఊపిరి, చర్మం, మూత్రం మీద ఆధారపడి ఉంది. ఆ మూడూ సిస్టర్ల చేతుల్లోవే. ఒకప్పుడు వెన్ను విరిగిన సైనికులు ఎక్కువమంది పుండ్లతోనో, మూత్రంలో చేరిన చీముతోనో పోయేవాళ్లు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వార్డు తెరిచి, రాత్రీపగలూ రెండు గంటలకోసారి రోగిని తిప్పాల్సిందేనన్నాడు. పారాలింపిక్స్‌కు మూలమైన ఆటలు 1948లో అక్కడే మొదలయ్యాయి గనక ఆయన పేరు ఆటలతో ముడిపడిపోయింది. నాకైతే రాత్రి డ్యూటీ నర్సులు ఆ గడియారాన్ని తప్పకుండా పాటించడమే పెద్ద సంగతిగా తోస్తుంది.

మానిటర్ మీద నాడి 48 చూపిస్తోంది. బీపీ కూడా తక్కువే. రక్తం పోయి షాక్‌లో పడ్డవాడి నాడి పరుగెత్తాలి కదా అన్నాను. మెడ దెబ్బ సంగతి వేరంది సిస్టర్. గుండెను ఉరికించే నరాలు వెన్నుపాము గుండా దిగి రావాలి, ఆ దారి దెబ్బతింది. నెమ్మదింపజేసే వేగస్ నరం మెదడు నుంచి సరాసరి వస్తుంది గనక అది మాత్రం మిగిలింది. గొంతులో పైపు వేసి కఫం లాగినా ఆ నరం రేగి గుండె ఇంకా మందగిస్తుందట. అందుకే ముందు ఆక్సిజన్ ఇచ్చి, అట్రోపిన్ సిరంజి పక్కన పెట్టుకునే ఆ పని మొదలుపెడతారు.

వీలైనంతవరకు పైపు దాకా పోనివ్వరు. ఇతను డయాఫ్రంతో ఊపిరి తీసుకోగలడు గానీ దగ్గడానికి పొట్ట కండరాలు పనిచెయ్యవు. అందుకని అతను దగ్గబోయే క్షణానికి సరిగ్గా, సిస్టర్ పక్కటెముకల కింద రెండు అరచేతులూ ఆనించి లోపలికీ పైకీ తోసింది. కఫం కదిలింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం మాత్రం తేలికపడింది. దెబ్బ కింది భాగానికి చెమట పట్టదు కాబట్టి ఎండాకాలం గది వేడెక్కితే ఇతని ఒళ్లూ కాలుతుంది. అది జ్వరమో గది వేడో తేల్చుకోవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్, మేజోళ్లు, రోజూ పిక్కల కొలత సరేసరి.

రాత్రిపూట నలుగురు సిస్టర్లు ఒక్క మంచం దగ్గరికి రాలేరు. వార్డుబాయ్, భార్య, పక్క మంచం తాలూకు మనిషి కలిసి తిప్పుతారు. తల మాత్రం సిస్టరే పట్టుకుంటుంది. ఇంటివాళ్లు నేర్చుకోవడం మంచిదే. కానీ చాలినంతమంది నర్సులు లేని లోటును ఇంటివాళ్ల నిద్రతో పూడ్చడం నాకు మింగుడుపడలేదు.

పక్క మంచం కుర్రాడు బండి మీంచి పడ్డవాడు, మర్నాడు ఇంటికి వెళ్తున్నాడు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పైపుతో మూత్రం తియ్యడం వాళ్లమ్మ నేర్చుకుంది. మూత్రాశయం నిండి పొంగితే మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న ఇలాంటి రోగులకు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఊళ్లో డాక్టరు అది చూసి గోలీ ఇచ్చి ఊరుకుంటాడేమోనని సిస్టర్ భయం. ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చి, పాఠం అప్పజెప్పించుకుంది.

"తలకాయ పగిలిపోతుందంటడు, మొఖం ఎర్రబడ్తది. ముందు ఏం జేస్తవ్ పెద్దమ్మా?"

"లేపి కూసోబెడ్త. బట్టలు వదులు జేస్త. ఒంటేలు నిండిందా చూసి, పైపుతోని తీస్త."

"డాక్టరొస్తే?"

"గీ కాయితం చేతిల పెడ్త."