మేకకు చోటేదీ?

మెల్‌బోర్న్‌లో మా పేట సూపర్‌మార్కెట్‌లో కంగారూ మాంసం దొరుకుతుంది, మేక మాంసం దొరకదు. నాకిది ఎంతకూ మింగుడుపడదు. మొన్న మా ఆఫీసులో ఒకాయన డాక్టరు చెప్పాడని గొడ్డుమాంసం మాని కంగారూకు మారాడట. ఇంత తక్కువ కొవ్వున్న మాంసం భూమ్మీద ఇంకోటి లేదన్నాడు. వరంగల్‌లో పుట్టినవాణ్ని, ఆ మాట విని ఊరుకోవడం నావల్ల కాలేదు.

కంగారూను పొగడొద్దని కాదు. దాని మాంసంలో కొవ్వు నూటికి రెండు పాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని కొట్టంలో కట్టి మేపేవాళ్లు లేరు. ప్రభుత్వం కోటా పెడుతుంది, లైసెన్సున్న వేటగాళ్లు బయళ్లలో కాల్చి తెస్తారు. ఇక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా తింటున్నదే అయినా, తెల్లవాళ్ల చట్టం దాన్ని మనుషుల తిండిగా ఒప్పుకోవడానికి దక్షిణ ఆస్ట్రేలియాలో 1980 దాకా, చాలా రాష్ట్రాల్లో 1993 దాకా పట్టింది. ప్యాకెట్ మీద కొవ్వెంతో గ్రాములతో సహా రాస్తారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

మరి మేక సంగతేమిటి? అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం వండిన 85 గ్రాముల మేక మాంసంలో కొవ్వు 2.6 గ్రాములు, గొడ్డుమాంసంలో 7.9. కంగారూలు గెంతే ఎర్ర నేలల్లోనే మేకలూ అడవిపడి తిరుగుతుంటాయి. వాటిని పట్టి, కోసి, అమెరికాకూ కొరియాకూ పంపిస్తారు. మేక మాంసం ఎగుమతిలో ప్రపంచంలోనే ముందున్న దేశం, తన జనం బుట్టలో మాత్రం దాన్ని వెయ్యదు!

కొవ్వు లేని మాంసమంటే నాకు ఈము కూడా గుర్తొస్తుంది. ఈ ఆస్ట్రేలియా పక్షినే మన రైతులు గుండెల మీద పెట్టుకుని పెంచారు. బ్యాంకు అప్పులు తెచ్చి ఫారాలు కట్టారు. ఒక రైతు గుడ్లు పొదిగిస్తే ఆ పిల్లల్ని ఇంకో రైతు కొనేవాడు, వ్యాపారమంతా అదే. మాంసం దుకాణంలో అడిగేవాడు లేడు. 2012లో తమిళనాడు పెరుందురైలో పెద్ద ఈము కంపెనీ కూలింది. మనవైపూ దాణా పెట్టలేక పక్షుల్ని వదిలేసినవాళ్లున్నారు. మాంసం బలమైనదే, వండుకునే ఇల్లే లేదు.

మేకకు ఆ ఇల్లుంది. హనుమకొండలో ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు నాన్న, "తమ్మీ, నల్లి బొక్కలెయ్యి, జర కొవ్వు గూడ పడనియ్యి" అనేవాడు. కూరలో కొవ్వు తక్కువ కాబట్టే అడిగి వేయించుకునేవాళ్లం. అమ్మ దాన్ని గిన్నెలో కరిగించి అందులోనే ఉల్లిగడ్డలు వేయించేది. పక్క వాడలో పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, ఉడికేది. తక్కువ డబ్బుతో ఇంటిల్లిపాదికీ కడుపు నింపింది అదే. వాళ్లకు కొవ్వు లెక్కలు చెప్పే హక్కు ఎవరికీ లేదని ఇప్పటికీ అంటాను.

కంగారూ ముక్కను పెనం మీద ఎక్కువసేపు ఉంచితే చెప్పుతోలవుతుంది, చప్పున దించాలి. బొక్కతో ఉన్న మేక కూర సన్నటి సెగ మీద ఉడికినకొద్దీ మెత్తబడుతుంది. రెండూ తినండి. కొత్తగా ఇక్కడికొచ్చే మన పిల్లలకు చెప్పేదొకటే. హలాల్ దుకాణంలో మేక దొరికింది కదా అని ఊరుకోకండి. సూపర్‌మార్కెట్‌లో మేనేజరును కూడా అడగండి. అడిగేవాళ్లే లేరని వాళ్లు చెప్పే వీలు ఇవ్వకండి.