దర్వాజ ఇంకా తేలలేదు

నా ఫోన్‌లో ‘ఇల్లు’ అని ఒక ఫోల్డర్ ఉంది. మొన్నటికి అందులో 614 ఫొటోలు. ఇల్లు మాత్రం ఇంకా లేదు. దేవరుప్పులలో తాత కట్టిన గూనపెంకుల ఇంటికి ఒక పక్క గోడ కూలింది. వానొస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టాలి. వచ్చే ఎండాకాలం అది తీసేసి కొత్తది కడదామనుకున్నం. అందుకే గచ్చిబౌలిలో ఆఫీసు పని అయిపోయాక, రాత్రి పదకొండింటికి పింటరెస్ట్ ముందేసుకుని ఫొటోలు దాచుకుంటుంటా.

మొదట్లో అన్నీ తెల్ల గోడలు, బూడిదరంగు సోఫాలే. రెండు వందలు దాటేసరికి అన్నీ ఒకే ఇల్లులా కనబడ్డయి. పైగా ఆ తెలుపు మా ఊరి దుమ్ముకు వారం ఆగదు. అప్పుడు మన చుట్టుపక్కల ఏముందా అని చూసిన.

జనగామ నుంచి హైదరాబాద్ దారి పడితే కాసేపట్లోనే పెంబర్తి. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో, సుత్తితో కొట్టికొట్టి బొమ్మ తేలుస్తరు. ఎక్కువగా గుడి పని: ధ్వజస్తంభాల తొడుగులు, మకరతోరణాలు, కవచాలు. ఇప్పుడు జ్ఞాపికలు, గోడకు తగిలించుకునేవి కూడా చేస్తున్నరు. ఒక తోరణం ఫొటో అమ్మకు చూపిస్తే, “మంచిగున్నది. దాన్ని చింతపండుతోని తోమేదెవరు?” అంది.

ఇటు చేర్యాల. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి, జిగురు పట్టించి, ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు గీస్తరు. అసలు ఈ పటాలు గోడ కోసం పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపించడానికి గీయించుకున్నవి. ఒక్కోటి ముప్పై అడుగుల పైమాటే. మా హాలు పొడుగు పద్నాలుగడుగులు! అందుకని నాకు దొరికేది ఫ్రేములో ఒక ముక్క, కథ మధ్యలో ఆగిపోయిన సీను. అయినా కొంటా. ఆ పని చేసే కుటుంబాలు మిగిలిందే కొన్ని. ఫ్రేములన్నా కొనకపోతే వాళ్లెట్ల బతుకుతరు?

ఒక అర్రలో నేల మట్టితో అలికినట్టు ఉంచుదామని కూడా అన్న. అమ్మ నవ్వలేదు. “ముప్పై ఏండ్లు అలికిన. ఇగ నువ్వు అలుకుతవా?” అంది. టైల్స్ ఖాయమైనయి.

అసలు గొడవ దర్వాజ దగ్గర వచ్చింది. ‘గడి స్టైల్’ అని ఒక ఫొటో దొరికింది. నల్లబడ్డ టేకు, ఇత్తడి గుబ్బలు, మీద చెక్కిన చిలుకలు. ఆరు వందల ఫొటోల్లో నాకు బాగా నచ్చింది అదే. నాయనమ్మ ఫోను దగ్గరికి తీసుకుని చానాసేపు చూసి, “గడి తలుపు మనకెందుకు బిడ్డా?” అంది. “గడి ముందటి నుంచి పోవాల్నంటే మా నాయినోళ్లు చెప్పులు చేతుల వట్టుకొని పోయేటోళ్లు.”

కడవెండి మా మండలమే. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయింది అక్కడే. నేను ఆ తేదీని పరీక్ష కోసం చదివిన. నాయనమ్మ తన వయసు లెక్క దాంతోనే చెప్తది: “కొమురయ్యను సంపిన ఏడు నేను పాలు తాగే పిల్లనట.”

నేనూ ఊరుకోలేదు. “ఆ చిలుకలు చెక్కింది దొర కాదు కద నాయనమ్మా, మన అసొంటి వడ్లాయనే కద” అన్న.

“చెక్కిండు. కూలిచ్చిర్రా మరి?”

వెట్టి గురించి నేను చదివిన పేజీల్లో ఇంత సూటి ప్రశ్న లేదు. జవాబు చెప్పలేకపోయిన. ఫొటో మాత్రం తీసెయ్యలేదు. ఆ వడ్లాయన చేతిపని మీద మనసు పోతలేదు.

నిరుడు పండక్కి పోయినప్పుడు 614 ఫొటోలూ అమ్మ ముందు పెట్టిన. గబగబా తోసుకుంటూ పోయి ఒక్క దగ్గర ఆగింది. ఇంటి ముందు పొడుగాటి అరుగు, దాని మీద ఏమీ లేదు. “గిది కావాలె. పొద్దుమీకి నలుగురు కూసుంటరు” అంది.

మేస్త్రీ కొలతలు అడుగుతున్నడు. అరుగు ఎత్తు పదహారు అంగుళాలని రాసిచ్చినం. నాయనమ్మ మోకాళ్లు నొయ్యకుండ కూసోని లేచేటంత. దర్వాజ దగ్గర ఖాళీ వదిలేసినం.