నీళ్ల కింది పొలానికి పట్టా



యెషయా 65వ అధ్యాయం 17వ వచనంలో దేవుడు క్రొత్త ఆకాశాన్ని, క్రొత్త భూమిని సృజిస్తానంటాడు. ఆ మాట వినగానే బంగారు వీధులు, ముత్యాల గుమ్మాలు మన కళ్ల ముందుకు వస్తాయి. కానీ 21, 22 వచనాలకు వచ్చేసరికి ప్రవక్త చాలా మామూలు సంగతి చెబుతాడు. ఇల్లు కట్టినవాడే ఆ ఇంట్లో ఉంటాడు. తోట నాటినవాడే దాని పండ్లు తింటాడు. ఒకరు కట్టిన ఇంట్లో మరొకరు చేరడం, ఒకరు నాటినది మరొకరు అనుభవించడం ఇక ఉండదు. దేవుని రాజ్యమంటే ఇంతేనా అని కొందరికి అనిపించవచ్చు. అలా అనిపించేవారు ఒకసారి మిడ్ మానేరు నిర్వాసితుల కాలనీకి వచ్చి, అక్కడ కూర్చుని ఈ రెండు వచనాలు చదవాలి.

తెలియనివారి కోసం చెబుతున్నాం. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మానేరు మీద కట్టిన జలాశయం అది. 25 టీఎంసీలకు పైగా నీళ్లు పడతాయి. 2016 సెప్టెంబరు వానలకు కట్టుతున్న కట్టే తెగింది. తరువాత కట్ట పూర్తయింది, నీళ్లు నింపారు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చింతలఠాణా, చీర్లవంచ, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి... ఈ పేర్లు ఇప్పుడు కాలనీ బోర్డుల మీద ఉన్నాయి. పాత ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. మన ప్రాంతానికి ఇది మొదటిది కాదు. కరీంనగర్ పక్కనే దిగువ మానేరు 1985లో పూర్తయింది. నిర్మల్ వైపు కడెం ఉంది, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఉంది. మంచిర్యాల వైపు ఎల్లంపల్లి ఉంది. ఆ నీళ్లు పారిన చోట పొలాలు పచ్చబడ్డాయి, ఆ బియ్యం మనమూ తింటున్నాం. అది కాదనడం అన్యాయం. కాని నాటినవాళ్లు ఒకరు, తింటున్నవాళ్లు మరొకరు అన్న మాట మన అన్నం పళ్లెంలోనే ఉందని మరిచిపోవడమూ అన్యాయమే.

ఇశ్రాయేలీయులకు ఈ బాధ తెలుసు. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో శాపాల వరుస ఉంది. అందులో ఒకటి, ఇల్లు కట్టి అందులో ఉండలేకపోవడం. ఆమోసు 5:11లో పేదల ధాన్యం లాక్కుని రాతి మేడలు కట్టుకున్నవారికి అదే శిక్ష. బబులోను సైన్యం వచ్చినప్పుడు మేడలవాళ్లతో పాటు ఏ పాపం ఎరుగని రైతులూ ఆ శిక్షలో కొట్టుకుపోయారు. యెషయా 65 ఆ శాపపు మాటలనే తీసుకుని తిరగరాస్తుంది. ఇది వెయ్యేండ్ల పాలన గురించా, నిత్యరాజ్యం గురించా అని సెమినరీలో మేము రాత్రుళ్లు వాదించుకునేవాళ్లం. 20వ వచనంలో మరణం ఇంకా కనబడుతుంది గనుక ఆ వాదన తేలేది కాదు. ఎటు తేలినా, కట్టినవాడు ఆ ఇంట్లో ఉంటాడన్న మాట మారదు.

ఈ అధ్యాయం చదివిన రోజు, డెబ్బై దాటిన ఒక తల్లి ప్రార్థన అయిపోయాక కూడా లేవలేదు. "అయ్యగారూ, ఈ మాట నాకు వర్తిస్తదా? నేను కట్టుకున్న ఇల్లు నీళ్లల్ల ఉన్నది గద. అది మల్ల ఎట్ల అస్తది?" అని అడిగింది. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాత పట్టాదారు పాసు పుస్తకం ఉంది. రెండెకరాల చిల్లర. మనవడు నవ్వాడు. "అది చెల్లదు నానమ్మా, పారెయ్యమంటే పారెయ్యదు" అన్నాడు.

ఇలాంటి తల్లికి రెండు జవాబులు మన మధ్య తేలికగా దొరుకుతాయి. రెండూ మాకు నచ్చవు. ఒకటి లెక్కల జవాబు. ఫోన్లో రోజుకొక వీడియో వస్తుంది: ఫలానా దేశంలో యుద్ధం, ఫలానా గ్రహణం, కాబట్టి ఫలానా సంవత్సరం. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్నవారు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు, కొందరు పంట కోయకుండా పొలాలు వదిలేశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, ఆ తరువాత అక్టోబరు అన్నాడు. కాలములూ సమయములూ తండ్రి తన అధికారంలో ఉంచుకున్నాడని అపొస్తలుల కార్యములు 1:7లో ప్రభువే చెప్పాక ఆ లెక్క వేసే పని మనకెందుకు? రెండో జవాబు చూడ్డానికి భక్తిగా ఉంటుంది. "ఈ లోకం మనది కాదమ్మా, పరలోకంలో ఇల్లుంది, ఇది మరిచిపో." పరలోకం నిజమే. కాని దేవుడు ఇండ్ల గురించి, తోటల గురించి అంత వివరంగా మాట్లాడిన చోట, ఇల్లు పోయిన మనిషిని దాని గురించి మాట్లాడవద్దనడానికి మనమెవరం?

ఆ సాయంత్రం మేము యిర్మియా 32వ అధ్యాయం తీశాం. సిద్కియా రాజు పదవ సంవత్సరం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. యిర్మియా చెరసాలలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనుక్కోమంటాడు. అనాతోతు యెరూషలేముకు కొద్ది మైళ్ల దూరంలోని ఊరు. ఆ పొలం అప్పటికే శత్రువు గుర్రాల కింద ఉండి ఉంటుంది. మన లెక్కలో నీళ్లలో మునిగిన పొలం బేరం అది. దేవుడు కొనమన్నాడు. యిర్మియా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాసి, ముద్ర వేసి, సాక్షులను పెట్టాడు. ముద్ర వేసినదీ ముద్ర లేనిదీ రెండు ప్రతులూ బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడుకాకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇండ్లూ పొలాలూ మళ్లీ కొంటారని దేవుడు చెప్పిన మాటకు ఆ కుండే గురుతు.

ఆ తల్లి "కుండల పెట్టిండా!" అని తన కవరు వైపు చూసుకుంది. మనవడు ఈసారి నవ్వలేదు.

కాని ఆమె అడిగిన ప్రశ్న అక్కడితో తీరదు. యిర్మియా ఆ పొలం దున్నాడా? లేదు. 43వ అధ్యాయంలో అతనిని ఐగుప్తుకు తీసుకుపోయారు. తిరిగి వచ్చినట్టు బైబిలు ఎక్కడా చెప్పదు. ఇది మేము ఆమెకు దాచలేదు. నీ పాత ఇల్లు మళ్లీ తేలి వస్తుందని చెప్పే అధికారం మాకు లేదు. ఎండకాలం నీళ్లు తగ్గితే గోడలు తేలుతాయి, అంతే. అయితే ఎజ్రా 2వ అధ్యాయం కూడా ఉంది. అందరం దాటవేసే అధ్యాయం అది, ఉత్త పేర్లూ అంకెలూ. కోరెషు ఆజ్ఞ తరువాత, చెర నుండి తిరిగి వచ్చినవారి పట్టిక. దాని 23వ వచనంలో అనాతోతువారు 128 మంది ఉన్నారు. పత్రం కుండలో పెట్టిన దాదాపు 50 ఏళ్లకు ఆ ఊరి మనుషులు, ఆ ఊరి పేరుతోనే, ఇంటికి నడిచారు. ఎవరి పొలం ఎవరికి వచ్చిందో బైబిలు చెప్పదు. ఊరిని దేవుడు మరువలేదని మాత్రం లెక్కతో సహా చెబుతుంది.

ఇంకో ముచ్చట. ప్రకటన 21:1లో క్రొత్త భూమి మీద సముద్రం ఉండదని ఉంది గదా, ఒక యువకుడు "అయితే డ్యాం గూడ ఉండదా అయ్యగారూ?" అన్నాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కాని ఆ గ్రంథంలో సముద్రం మామూలు నీళ్లు కాదు. 13:1లో క్రూరమృగం లేచి వచ్చేది అక్కడి నుండే. మనుషులను మింగేది ఏదీ ఉండదన్నది ఆ మాట అర్థం. యోహానుకు పత్మాసు ద్వీపంలో నాలుగు దిక్కులా అదే కనబడేది. ఆ అబ్బాయి ప్రశ్న మేము అనుకున్నంత తేలికది కాదు.

దుబాయి, మస్కట్, కువైట్‌లలో ఉండి ఇది చదువుతున్న బిడ్డలారా, 21వ వచనం మీకు వేరుగా తగులుతుందని మాకు తెలుసు. మీ డబ్బుతో లేచిన స్లాబు ఇండ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో తాళాలతో ఉన్నాయి. మీరు క్యాంపులో బంకు మంచం మీద ఉన్నారు. కట్టినవారు మీరే, ఉండనివారూ మీరే. మీ కష్టం వృథా కాదని 23వ వచనం చెబుతుంది. అది చదివేటప్పుడు మీ పేర్లు తీసి ప్రార్థిస్తున్నాం.

పాసు పుస్తకం పారేయవద్దని ఆ తల్లికి చెప్పాం. 2024 నవంబరులో ప్రభుత్వం మిడ్ మానేరు నిర్వాసితులకు 4,000కు పైగా ఇందిరమ్మ ఇండ్లు మంజూరు చేసింది. అందులో పేరు లేనివాళ్ల దరఖాస్తులు మన యువకులు ఆదివారం ఆరాధన తరువాత రాసి పెడుతున్నారు. మందిరంలో ఇదేం పని అని ఒకరిద్దరు గొణిగారు. వారికి యిర్మియా 32:10 చూపించాం. పత్రం, ముద్ర, సాక్షులు, త్రాసు, అన్నీ ఉన్నాయి.

వచ్చే బుధవారం ఎజ్రా 2వ అధ్యాయం ఒక్క పేరు విడవకుండా చదువుతాం. వచ్చేవాళ్లు మీ పాత ఊరి పేరు, పాత ఇంటి నంబరు, ఆ వాడలో ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రండి. చదవడం రానివాళ్లు మనవళ్లతో రాయించండి. ఎజ్రా పట్టిక అయిపోగానే అవీ చదువుతాం.